కర్నూల్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమ్ మొదలుపెడుతున్న పాపకు

పాపా,

నీ మెసేజ్ రాత్రే చదివాను. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని, రాస్తే నీ దగ్గరే ఉంటుందని ఇలా కూర్చున్నాను. ఉద్యోగంలో కుదురుకోకముందే ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ టీమ్ పెడతానని అడిగావంటే చాలా సంతోషంగా ఉంది. ఖోఖో, కబడ్డీ, త్రోబాల్ మన ఆడపిల్లల కాలేజీల్లో ఎప్పటినుంచో ఉన్నాయి, ఫుట్‌బాల్ అనేసరికి మాత్రం "అది మగపిల్లల ఆట కదా మేడం" అంటారు. అననీ.

నువ్వు అడిగింది ఒక్కటే, ఈ ఏడాది ఇంటర్ కాలేజియేట్ పోటీలకు పదకొండు మందిని ఎలా తయారుచేయాలని. ఈ ఏడాది ఆ పదకొండు మంది గురించి ఆలోచించొద్దు. మూడేళ్ళ తర్వాత, ఇప్పుడు నీ దగ్గరున్న పిల్లల్లో ఒక్కరు కూడా కాలేజీలో లేని రోజున, ఆ గ్రౌండ్‌లో బంతి తన్నేవాళ్ళు ఉంటారా లేదా అన్నది ఆలోచించు. డిగ్రీ కాలేజీలో టీమ్ నిలబెట్టడంలో ఉన్న కష్టమంతా అక్కడే ఉంది. స్కూల్లో అయితే ఒక పిల్ల ఐదారేళ్ళు నీ చేతిలో ఉంటుంది. ఇక్కడ ఉండేదే మూడేళ్ళు, అందులో మొదటి ఏడాది సగం కొత్తతోనూ భయంతోనూ పోతుంది, ఆఖరి ఏడాది సగం పీజీ ఎంట్రెన్సులతోనూ పెళ్ళి సంబంధాలతోనూ పోతుంది. మన జిల్లాల్లో చాలా కాలేజీల్లో చూశాను, ఎప్పుడో ఒక మంచి బ్యాచ్ పడుతుంది, కప్పు గెలుస్తారు, ఫొటో తీసి ప్రిన్సిపాల్ రూంలో పెడతారు, ఆ పిల్లలు టీసీలు తీసుకుని వెళ్ళిపోగానే గోల్‌పోస్టుల మీద హాస్టల్ బట్టలు ఆరేస్తారు. నీ దగ్గర అలా కాకూడదు. ఇక్కడినుంచి నేను చెప్పే ప్రతిదీ ఈ లెక్కలోనే చెప్తున్నాననుకో.

అన్నిటికంటే ముందు టైమ్. బంతులు, గోల్‌పోస్టులు తర్వాత, పిల్లలందరూ ఒకేసారి గ్రౌండ్‌లో ఉండగలిగే ఒక గంట నీకు ముందు కావాలి. మీ కాలేజీకి కోడుమూరు, గూడూరు, వెల్దుర్తి, ఓర్వకల్లు, నందికొట్కూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే పిల్లలు ఉంటారు. సాయంత్రం కాలేజీ వదిలాక ప్రాక్టీస్ పెట్టావనుకో, మొదటి వారం అందరూ వస్తారు, రెండో వారం నుంచి బస్సు పోతుందని ఒక్కొక్కరే తగ్గుతారు, నెల తిరిగేసరికి హాస్టల్ పిల్లలు తప్ప ఎవ్వరూ మిగలరు. అప్పుడు స్టాఫ్ రూంలో "ఆడపిల్లలకు ఇంట్రెస్ట్ ఉండదమ్మా" అని తేల్చేస్తారు. అందుకని ఒక తెల్లకాగితం తీసుకుని ప్రతి పిల్ల పేరు పక్కన ఏ ఊరు, ఏ బస్సు, ఎన్నింటికి, దిగాక ఇంటికి ఎంత దూరం నడవాలి, ఆ దారిలో లైట్లు ఉన్నాయా, అన్నీ రాసుకో. ప్రాక్టీస్ ఎప్పుడు పెట్టాలో ఆ కాగితమే చెప్తుంది. నాకు తెలిసి బాగా నడిచే పద్ధతి ఏమిటంటే, వారంలో రెండు రోజులు ఆఖరి పీరియడ్‌ను టైంటేబుల్లోనే గేమ్స్ అని వేయించుకోవడం, శనివారం మధ్యాహ్నం అందరికీ కలిపి ఒక పెద్ద ప్రాక్టీస్ పెట్టడం, హాస్టల్ పిల్లలకు అదనంగా పొద్దున ఆరింటికి. ప్రిన్సిపాల్ "సరే చూద్దాంలేమ్మా" అంటే అక్కడినుంచి కదలొద్దు. నోటిమాటగా ఇచ్చిన గంటను సెమిస్టర్ మధ్యలో సిలబస్ కాలేదని ఎవరైనా తీసేసుకుంటారు, రాతలో ఉన్నదాన్ని తీసుకోవాలంటే నిన్ను అడిగి తీరాలి. పైగా నువ్వు రేపు ట్రాన్స్‌ఫర్ అయినా ఆ పీరియడ్ అక్కడే ఉంటుంది.

ఇక పిల్లలను తీసుకోవడం. సెలక్షన్స్ అనే మాట ఈ ఏడాది నోటీసు బోర్డు మీద పెట్టొద్దు, అది చూసి సగం మంది "మాకు రాదు" అని ఆగిపోతారు. ఫస్టియర్ క్లాసులకు ఒక్కో క్లాసుకూ నువ్వే స్వయంగా వెళ్ళు, షూ లేకపోయినా రమ్మను, వచ్చినవాళ్ళను ఎవ్వరినీ వెనక్కి పంపొద్దు. సెకండియర్ వాళ్ళు కొందరు కావాలి కానీ నీ మనసు ఫస్టియర్ పిల్లల మీదే ఉండాలి, ఎందుకంటే నీకు మూడేళ్ళు మిగిలేది వాళ్ళే. ఖోఖో ఆడిన పిల్లలను వదలకు. ఉన్నచోటే గిరుక్కున తిరగడం, ఒక్క అడుగులో దిక్కు మార్చడం వాళ్ళకు ముందే వచ్చు, గ్రౌండ్ పక్క అంచున ఆడే వింగ్‌లో పనికొస్తారు. కబడ్డీ పిల్లలకు ఎదుటి మనిషి తగులుతుందన్న భయం ఉండదు, వాళ్ళను వెనక పెట్టు. త్రోబాల్ ఆడినవాళ్ళలో నీకు గోల్‌కీపర్ దొరుకుతుంది. వాలీబాల్ ఆడినవాళ్ళు కూడా పనికొస్తారు గానీ బంతిని పట్టుకోకుండా కొట్టేసే అలవాటు పోవడానికి కొంత కాలం పడుతుంది.

ఒక విషయం మీ కర్నూలు జిల్లాకు ప్రత్యేకంగా చెప్పాలి. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు పక్క పిల్లలుంటే వాళ్ళ ఇళ్ళవాళ్ళు సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ఇంటిల్లిపాదీ కదులుతారు. ఆ నెలల్లో పిల్ల హాస్టల్లో ఉంటే సరే, లేకపోతే చిన్న తమ్ముళ్ళనూ ముసలి అవ్వనూ చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోతుంది, లేదా తనూ పోతుంది. రిజిస్టర్‌లో ఆబ్సెంట్లు చూసి అలాంటి పిల్ల పేరు కొట్టేయొద్దు. తిరిగి వచ్చిన రోజు "ఎక్కడికి పోయినావు" అని అందరి ముందూ అడగొద్దు, నిన్న కూడా వచ్చినట్టే ప్రాక్టీస్‌లో కలుపుకో. అలా తిరిగి వచ్చినవాళ్ళే ఆఖరిదాకా ఉంటారు.

ఇళ్ళకు పోవాలి. ఈ పని ఫోన్లో కాదు. కనీసం మొదటి ఏడాది, బయటి ఊరి మ్యాచ్‌కు రావాల్సిన ప్రతి పిల్ల ఇంటికీ ఒక్కసారైనా పో, ఆదివారం పొద్దున పోతే అమ్మానాన్నా ఇద్దరూ దొరుకుతారు. వాళ్ళ భయాలు మూడే ఉంటాయి, ఎండకు నల్లబడిపోతుందని, కాలో చెయ్యో విరిగితే పెళ్ళి కాదని, పొట్టి నిక్కర్లు వేసుకుంటే ఊళ్ళో నలుగురూ ఏమంటారని. ఈ భయాలను తేలిగ్గా తీసిపారేయొద్దు, వాళ్ళు బతికే ఊరు అది. దెబ్బలు తగలవని అబద్ధం చెప్పొద్దు. తగిలితే ఏం చేస్తావో చెప్పు, ఎవరు ఆస్పత్రికి తీసుకుపోతారో, డబ్బు ఎవరు కడతారో చెప్పు. ఉద్యోగం వస్తుందని అస్సలు చెప్పొద్దు. స్పోర్ట్స్ కోటా ఉంది, సర్టిఫికెట్లు పనికొస్తాయి, అంతవరకే చెప్పు, రాని ఉద్యోగానికి పిల్లే మాటపడాల్సి వస్తుంది. వాళ్ళకు అన్నిటికంటే కావాల్సింది పిల్ల ఎన్నింటికి ఇంటికి చేరుతుందన్న మాట. ఆరున్నర అంటే ఆరున్నరకే చేర్చు. ఒక్కసారి ఎనిమిదైతే ఆ ఊరినుంచి ఇంకో పిల్ల రాదు. వెళ్ళినప్పుడు తల్లితో విడిగా రెండు నిమిషాలు మాట్లాడు, చాలా ఇళ్ళలో నాన్న "వద్దు" అన్నదాన్ని వారం తర్వాత అమ్మే "పోనీలే" దాకా తెస్తుంది.

బట్టల సంగతి అక్కడే తేల్చేయొచ్చు, ఎందుకంటే ఆట రూల్స్‌లోనే దారి ఉంది. షార్ట్స్ లోపల కాళ్ళంతా కప్పే టైట్స్ వేసుకోవచ్చు, షార్ట్స్ రంగువే అయి ఉండాలి, టీమ్‌లో వేసుకున్న వాళ్ళందరివీ ఒకే రంగు. మీ ఊళ్ళో ముస్లిం పిల్లలు ఎక్కువ, స్కార్ఫ్ తీయాలేమో అని వాళ్ళు అడగకుండానే వెనక్కి పోతారు. నువ్వే ముందు చెప్పు, తలకు స్కార్ఫ్ 2014 నుంచి రూల్స్‌లోనే ఒప్పుకున్నారు, నలుపు గానీ జెర్సీ రంగు గానీ అయి, జెర్సీకి కుట్టేసి లేకుండా, గుచ్చుకునేవి ఏవీ లేకుండా ఉంటే చాలు. నగల విషయంలో మాత్రం రూల్ గట్టిది. కమ్మలు, ముక్కుపుడక, గాజులు, పట్టీలు, మెట్టెలు ఏవీ ఉండకూడదు, పైన టేప్ అంటించినా రెఫరీ ఒప్పుకోకూడదు. డిగ్రీ చదువుతూనే పెళ్ళయిన పిల్లలు ఉంటారు, మెడలో తాడు తీయమని మ్యాచ్ రోజు గ్రౌండ్ గట్టున చెప్తే ఆ పిల్ల పరిస్థితి ఏమిటో ఆలోచించు. ఈ మాట కూడా ఇంట్లోనే, అత్తగారు ఉంటే అత్తగారి ముందే, నెమ్మదిగా మాట్లాడుకోవాలి. మోకాలి కింద ముంగాలికి కట్టే షిన్‌గార్డులు తప్పనిసరి, ప్రాక్టీస్‌లో కూడా వేయించు.

ఇంగ్లండ్ ఆడవాళ్ళ టీమ్ 2023లో తెల్ల షార్ట్స్ మానేసి నీలం రంగుకు మారింది, నెలసరి టెన్షన్ ఉండకూడదని ఆటగాళ్ళే అడిగారు. నువ్వు మొదటి జతలే ముదురు రంగువి కుట్టించు. కిట్ బ్యాగులో ప్యాడ్లు ఎప్పుడూ ఉండాలి, ఎవరూ అడగక్కర్లేకుండా తీసుకునే జేబులో. ఇంకా ముఖ్యమైనది, గ్రౌండ్ దగ్గర లోపలినుంచి గడియ పడే, నీళ్ళు వచ్చే టాయిలెట్. గోల్‌పోస్టుల కంటే ముందు దాన్ని అడుగు. అది లేకపోతే పిల్లలు ప్రాక్టీస్ రోజు పొద్దుటినుంచి నీళ్ళు తాగరు, ఆ ఎండలో నీళ్ళు తాగకుండా పరిగెత్తి కళ్ళు తిరిగి పడతారు, అందరూ బలహీనమైన పిల్లలు అనుకుంటారు.

బలహీనత మాట వచ్చింది కాబట్టి, ఇది నేను చాలా గట్టిగా చెప్పే విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే నీ ముందు నిలబడే పిల్లల్లో సగం మందికి ఉండొచ్చు. రెండు రౌండ్లకే ఆయాసపడి కూర్చునే పిల్లను బద్ధకం అనకముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు, పీహెచ్‌సీలో చేస్తారు, 12 కంటే తక్కువ ఉంటే డాక్టర్‌కు చూపించి ఐరన్ మాత్రలు మొదలుపెట్టించు. మాత్ర వేసుకోగానే, అన్నం తినగానే టీ తాగే అలవాటు మాన్పించు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, జామకాయ అయితే పట్టేలా చేస్తాయి. ప్రాక్టీస్ తర్వాత ఏదో ఒకటి కడుపులో పడాలి, దానికి డబ్బున్న కాలేజీ అయి ఉండక్కర్లేదు, ఉడకబెట్టిన చెనిక్కాయలు, బెల్లం, అరటిపండు చాలు, గుడ్డు ఇవ్వగలిగితే ఇంకా మంచిది. వట్టి బొరుగులు పెట్టి పంపొద్దు. ఐరన్ మొదలుపెట్టిన పిల్లలు కొన్ని నెలలకు మనిషే మారినట్టు పరిగెత్తుతారు, కోచింగ్‌తో రాని తేడా దానితో వస్తుంది.

గ్రౌండ్ ఎలా ఉందో నువ్వు రాయలేదు. నల్లరేగడి అయితే వాన పడ్డ రెండు రోజులు కాలు దిగబడుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లో మడమ ఇరుక్కుంటే బెణుకుతుంది, మట్టి తోలించి పూడ్పించాలి. గరుసు నేల అయితే పడితే చర్మం లేచిపోతుంది. రెండిట్లోనూ పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు కొనిపించొద్దు, గట్టి నేలమీద అవి అరికాలు నొప్పి తెస్తాయి, చిన్న చిన్న రబ్బరు గుబ్బలుండే షూ చాలు. ఆడపిల్లల సైజులు అన్ని షాపుల్లో దొరకవు, పిల్లల పాదాలు కాగితం మీద గీయించుకుని అందరివీ ఒకేసారి తెప్పించు. ప్రాక్టీస్ ముందు అందరూ ఒక వరసలో నిలబడి ఈ చివరినుంచి ఆ చివరకు నడుస్తూ పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు, గాజుపెంకులు ఏరాలి, దీన్ని రోజువారీ పద్ధతి చెయ్యి, కాళ్ళూ దక్కుతాయి, బంతుల బ్లాడర్లూ దక్కుతాయి. గీతలకు సున్నం వాడొద్దు, కళ్ళలో పడితే ప్రమాదం, ముగ్గుపిండి వాడు. పెద్ద గ్రౌండ్ గీయాల్సిన పని ఇప్పుడు లేదు, సగంలో చిన్న కోర్టులు రెండు గీయి.

గోల్‌పోస్టులు మీ ఊళ్ళో వెల్డింగ్ షాపులోనే చేయించొచ్చు, లోపలి కొలత వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. నేలలో పాతి కాంక్రీటు పోయించు. అటూ ఇటూ జరుపుకునే పోస్టులైతే ప్రతిసారీ వెనక బరువు కట్టాల్సిందే, పిల్లలు పట్టుకుని వేలాడితే మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

ఆట నేర్పడానికి వద్దాం, నీకు బాగా ఇష్టమైన భాగం ఇదేనని తెలుసు.

కొత్త పిల్ల మీదికి బంతి వస్తే మూడు జరుగుతాయి. కళ్ళు మూసుకుంటుంది, చేతులు ఛాతీ మీదకో మొహం మీదకో వస్తాయి, కాలు బొటనవేలితో పొడుస్తుంది. దేన్నీ తిట్టొద్దు. బంతిలో గాలి తగ్గించు. మామూలు 5 నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది, దాన్ని గట్టిగా కొట్టి ఇస్తే కొత్త పాదానికి రాయి తగిలినట్టే. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత గాలి చాలు. నేలమీద దొర్లే బంతితోనే మొదటి కొన్ని వారాలు గడవనీ, పాదం లోపలి పక్కతో తోయడం, అరికాలి కింద ఆపడం, రెండు కాళ్ళతోనూ. ఛాతీతో ఆపడం నువ్వే చేసి చూపించు, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా, దూరంగా, ఎవరూ చూడని మూలలో చేయనీ, అది సిగ్గుతో ముడిపడిన విషయం, తొందరపెడితే ఆ పిల్ల మళ్ళీ రాదు. బంతిని తలతో కొట్టే హెడ్డింగ్ ఇంకా ఆలస్యంగా, వాలీబాల్‌తో మొదలుపెట్టు, బరువు తక్కువ.

పిల్లలను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరే వచ్చి గోల్‌కు కొట్టే ప్రాక్టీస్ మన పీడీలకు, అంటే కాలేజీల్లో ఆటలు నేర్పేవాళ్ళకు, బాగా అలవాటు, చూడ్డానికి క్రమశిక్షణగా ఉంటుంది. గంటలో ఒక్కో పిల్లకు పట్టుమని పది తన్నులు కూడా రావు. దాని బదులు నలుగురిని చుట్టూ నిలబెట్టి మధ్యలో ఒకరిని పెట్టు, బంతి మధ్యలో ఉన్న పిల్లకు చిక్కకుండా తిప్పాలి, చిక్కితే పోగొట్టుకున్నవాళ్ళు మధ్యలోకి. ఆ తర్వాత నలుగురితో నలుగురికి చిన్న కోర్టులో మ్యాచ్. ఆటలో నవ్వు వస్తుంది, బంతి ఊరికే కాలికి తగులుతుంటుంది, తల ఎత్తి చూడటం నువ్వు చెప్పకుండానే అలవాటవుతుంది. ఎదుటి టీమ్ డిఫెండర్లను దాటి ముందే నిలబడి పాస్ అందుకోకూడదనే ఆఫ్‌సైడ్ రూల్ మొదటి నెలల్లో ఎత్తొద్దు. ఒక్క మాట మాత్రం మొదటి రోజునుంచే నేర్పు, అరవడం. "నాకు", "వెనక మనిషి", "వదులు" అని గొంతెత్తి అరవాలి. ఇంట్లో, బస్సులో, క్లాసులో మెల్లగా మాట్లాడమని పెంచిన పిల్లలు వీళ్ళు, గ్రౌండ్‌లో కూడా నోరు రాదు, బంతి వస్తున్నా పిలవరు. పేర్లు పెట్టి అరుస్తూ ఆడితేనే లెక్క అని రూల్ పెట్టు. కొన్నాళ్ళకు ఆ గొంతు క్లాసులో కూడా వినిపిస్తుందని లెక్చరర్లే వచ్చి నీకు చెప్తారు.

గోల్‌కీపర్‌ను గరుసు నేలమీద డైవ్ కొట్టించొద్దు. చాలా కాలేజీల్లో లాంగ్‌జంప్ పిట్ ఉంటుంది, ఇసుక జల్లెడ పట్టించి అందులో నేర్పు. మోకాళ్ళ మీద కూర్చుని పక్కకు ఒరగడం, తర్వాత కుంగి ఒరగడం, ఆ తర్వాతే నిలబడి. ఇద్దరిని తయారుచెయ్యి, ఒకరు సీనియర్, ఒకరు జూనియర్, ఎప్పుడూ ఒకే క్లాసువాళ్ళు వద్దు.

మోకాలి గురించి జాగ్రత్త. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో కనీసం రెండు రెట్లు ఎక్కువ, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలడం దానికి ఒక కారణం. దీనికోసమే ఫిఫా 11 ప్లస్ అని ఒక వార్మప్ ఉంది, మూడు భాగాలు, 15 ఎక్సర్‌సైజులు, 20 నిమిషాలు, వీడియోలు ఊరికే దొరుకుతాయి. రెండు రౌండ్లు పరిగెత్తించి నాలుగు స్ట్రెచింగులు చేయించే పాత పద్ధతి బదులు ప్రతి ప్రాక్టీస్‌కూ ఇదే చేయించు. మోకాలు టప్‌మని శబ్దం వచ్చి గంటల్లో వాచిందంటే ఎముకల డాక్టర్ దగ్గరికే పోవాలి. మన పక్క ఏ దెబ్బ తగిలినా పుత్తూరు కట్టుకు పోదామంటారు, ముందు ఎక్స్‌రే అని ఇంట్లోవాళ్ళతో గట్టిగా చెప్పు. ఎండల గురించి నీకు చెప్పేదేముంది, ఫిబ్రవరి దాటితే పొద్దున తప్ప ఆడించొద్దు, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో దగ్గర పెట్టుకో, పిల్ల మాట తడబడుతుంటే ఆట ఆపి నీడకు చేర్చి తడిబట్టలతో తుడుస్తూ ఆస్పత్రికి తీసుకుపో.

డబ్బు గురించి ఎక్కువ రాయను. మొదటి ఏడాదికి ఆరు బంతులు, ఒక పంపు, సూదులు, రెండు జట్లను వేరుగా గుర్తుపట్టడానికి పైన వేసుకునే రెండు రంగుల బిబ్స్, మందుల పెట్టె చాలు. బిబ్స్ టైలర్ దగ్గర కుట్టించుకో. గేమ్స్ ఫీజు కాలేజీలో ఎంత వసూలవుతుందో ఆఫీసులో అడిగి తెలుసుకో, అది పిల్లలు కట్టిన డబ్బు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. దాతలు ఇస్తామంటే కప్పులూ ట్రాక్‌సూట్లూ వద్దు, ఏడాది పొడుగునా చెనిక్కాయలూ గుడ్లూ ఇప్పించమని అడుగు.

మ్యాచ్‌లు తొందరగా మొదలుపెట్టు, కానీ పెద్ద టోర్నమెంట్లతో వద్దు. మా అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు ఏళ్ళుగా ఫుట్‌బాల్ ఆడుతున్నారు, స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ సహకారం కూడా అందింది. నీ పిల్లలను తీసుకురా, నీ డిగ్రీ పిల్లల కంటే చిన్నవాళ్ళు ఎలా పాసులిచ్చుకుంటారో కళ్ళతో చూడనీ, పది మాటలకంటే అది పనిచేస్తుంది. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు, కర్నూలు నుంచి అనంతపురానికి, కడపకు టీమ్‌ను తెచ్చే ఖర్చు దాదాపు పోయింది, ప్రతి పిల్లా ఆధార్ కార్డు పెట్టుకుందో లేదో బస్టాండ్‌లో కాదు, ముందురోజే చూసుకో. బళ్ళారికి పోతే మాత్రం వేరే రాష్ట్రం, టికెట్ కొనాల్సిందే. రాత్రి ఉండాల్సి వస్తే గదీ టాయిలెట్టూ గడియా నువ్వు చూశాకే పిల్లలను దింపు, చేరగానే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టు.

మొదటి మ్యాచ్‌లలో మీ మీద బాగా గోల్స్ పడతాయి. ఆ రోజు రాత్రి ఏం మాట్లాడతావన్నదాని మీద తర్వాతి వారం ఎంతమంది వస్తారన్నది ఉంటుంది. స్కోరు ఎత్తొద్దు, ఎన్నిసార్లు వరసగా మూడు పాసులు పడ్డాయో లెక్కపెట్టి చెప్పు. అందరినీ ఎంతో కొంత సేపు ఆడించు, బెంచీ మీద కూర్చుని ఇంటికి పోయిన పిల్ల తండ్రికి ఏం చెప్పాలి? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇండియా టీమ్‌కు ఫార్వర్డ్‌గా ఆడుతోందని, మన ఆడవాళ్ళ టీమ్ 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ళ దేశంలోనే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు చేరిందని పిల్లలకు చెప్పు, ఆ మ్యాచ్ వీడియో అందరినీ కూర్చోబెట్టి చూపించు. ఇండియాకు ఆడవాళ్ళ టీమ్ ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

ఇప్పుడు మళ్ళీ మొదట చెప్పినదానికి వస్తాను. ప్రతి సెకండియర్ పిల్లకు ఒక ఫస్టియర్ పిల్లను అప్పగించు. షూ కట్టుకోవడం నుంచి ఇంట్లో అడిగే ప్రశ్నలకు జవాబు దాకా ఆ అక్కే చూసుకోవాలి. స్టోర్ రూం తాళం, బంతుల లెక్క, హాజరు పుస్తకం నీ దగ్గర పెట్టుకోవద్దు, పిల్లల చేతుల్లో పెట్టు, మొదట్లో ఒక బంతి పోతుంది, పోనీ. కెప్టెన్‌ను సెకండియర్ నుంచే తీసుకో, ఫైనలియర్ పిల్ల పక్కన ఉండి నేర్పాలి. ఫైనలియర్లో ఆడలేనన్న పిల్లలకు రెఫరీ విజిల్ ఇవ్వు, ఫస్టియర్ వాళ్ళ ప్రాక్టీస్ అప్పగించు, ఆసక్తి ఉన్నవాళ్ళకు ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ డి లైసెన్స్ కోచింగ్ కోర్సు గురించి చెప్పు, నువ్వు కూడా చెయ్యి. పార్టిసిపేషన్ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ పిల్లల చేతికే ఇచ్చి, జిరాక్స్ కాలేజీలో ఉంచు, కాలేజీ బీరువాల్లో ఇరుక్కున్న సర్టిఫికెట్లు ఉద్యోగం అప్లికేషన్ రోజుకు దొరకవు. పెళ్ళయి కర్నూల్లోనే ఉన్న పాత పిల్లలు ఆదివారం వచ్చి ఆడతామంటే గేటు తీయించు, వాళ్ళు గ్రౌండ్‌లో కనిపిస్తే కొత్త పిల్లల తల్లిదండ్రుల భయం సగం తగ్గుతుంది.

సోమవారం ప్రిన్సిపాల్‌ను కలుస్తానన్నావు కదా. ఆయన చేతిలో పెట్టే కాగితం ఒక్క పేజీ దాటకూడదు, టైంటేబుల్లో రెండు పీరియడ్లు, టాయిలెట్‌కు గడియా నీళ్ళూ, ఆరు బంతులు, ఇంతే రాయి, బస్సుల వివరాల కాగితం వెనక జతచెయ్యి. రాసి ముందు నాకు పంపు, చూసి చెప్తాను. దసరా సెలవులు అయ్యాక నేను కర్నూలు వస్తాను, మీ గోల్‌కీపర్ పిల్లలిద్దరినీ ఒక పూట నాకు వదిలిపెట్టు.